నీళ్ళు కుదురుకునేదాకా

చేపలన్నీ పైకి వచ్చేశాయి. నీళ్ళూ గాలీ కలిసే చోట నోళ్ళు ఆనించి తెరుస్తున్నాయి, మూస్తున్నాయి, మళ్ళీ తెరుస్తున్నాయి, ఎవరో ఒక్క మాట నేర్పి వెళ్ళిపోతే దాన్నే పట్టుకుని వల్లె వేస్తున్న చంటిపిల్లల్లా. చప్పుడు మాత్రం లేదు. కుక్కపిల్ల అయితే మూలిగేది, పిల్లి అయితే ఇల్లు పీకి పందిరి వేసేది, వీటికి నోరుంది గాని గొంతు లేదు. ఆమె రబ్బరు గొట్టం ఒక కొస ట్యాంకులో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని లాగి, నీళ్ళు నాలుకకి తగలగానే బకెట్లోకి వదిలేసింది. ఆయన నేర్పిన పద్ధతే. ఎప్పుడూ నాలుక మీద కొంచెం నాచు రుచి తగిలేది, ఇవాళ ఉత్త పంపు నీళ్ళ రుచి తగిలింది. బాత్రూంలో డ్రమ్ము నిండా నిలవబెట్టిన నీళ్ళున్నాయి. పంపు నీళ్ళలో కలిపే క్లోరిన్ మందు ఎగిరిపోవడానికి రాత్రంతా మూత తీసి ఉంచాలని ఆయన పెట్టిన నియమం. ఇందులోంచి సగం తీసి, అందులోంచి సగం పొయ్యాలి, అదీ ఒక్కసారిగా కాదు, మగ్గు మగ్గుగా, అద్దానికి ఆనించి జారేలా. ఆయన వచ్చేలోగా అయిపోవాలి. ఈపాటికి ఆ మంచం మీద ఎడమ చెయ్యి చాపుకుని పడుకుని ఉంటారు, రక్తం ఒక గొట్టంలో వెళ్ళి ఇంకో గొట్టంలోంచి తిరిగి వస్తూ ఉంటుంది, ఇక్కడ తన చేతిలోనూ గొట్టమే. ఇంకో గంట, మహా అయితే గంటన్నర. ఆ లోపల డాక్టరు రౌండ్సుకి వస్తాడు. ఆయన చెప్పేస్తానన్న మాట చెప్పేస్తారు. ఇక రానని. డయాలసిస్ ఇంతటితో చాలని.

ఎందుకు కడిగింది? ఎవరు కడగమన్నారు? మొన్న మధ్యాహ్నం ఆయన డయాలసిస్ సెంటర్ నుంచి వచ్చి, ముఖం బూడిదలా అయిపోయి, బూట్లయినా విప్పకుండా పడుకుని నిద్రపోతుంటే, ఉన్నట్టుండి లేచి, చేపల్ని చిన్న వలతో బకెట్లోకి మార్చి, ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్ళు జల్లెడలో పోసి పంపు కింద చప్పుడు కాకుండా కడిగి, ఫిల్టర్లోంచి స్పాంజి తీసింది. జిగురు. గోధుమరంగు జిగురు, వేళ్ళకి అంటుకుని సాగుతోంది. ఈ ఇంట్లో అటువంటి జిగురు ఎక్కడా ఉండడానికి వీల్లేదు కదా. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆయన చేతిలో నరాలు కలిపి ఫిస్టులా పెట్టిన రోజునే సిస్టరు కూర్చోబెట్టి చెప్పింది, ఇక మీ ఇల్లు ఇల్లు కాదనుకోండి, ఆస్పత్రి అనుకోండి అని. చేతులు మోచేతుల దాకా కడగాలి. దుప్పట్లు మరిగే నీళ్ళలో వెయ్యాలి. తలుపు గొళ్ళేలు కూడా తుడవాలి. ఆ చేతికి చిన్న క్రిమి సోకినా రక్తంలో కలుస్తుంది, కలిస్తే ఇక చెప్పలేం. అప్పట్నుంచి ఆమెకి మురికి అంటే భయం, పాముని చూసినట్టు చూసేది. కుట్టుమిషన్ మీద నూనె మరక ఉన్నా రెండుసార్లు తుడిచి, చేతులు కడుక్కుని, మళ్ళీ కూర్చునేది. బట్టలు బిగించుకోడానికి, పొట్టి చేయించుకోడానికి వచ్చేవాళ్ళని గుమ్మం దాటనివ్వడం మానేసింది. వదిన, అంటే ఆయన అక్క, చూడటానికి వచ్చినప్పుడు ఆవిడ చేతుల మీద కూడా మందు పోస్తే, ఆవిడ చేతులు చాపి నిలబడి, తమ్ముడి ఇంటికి వచ్చానా, ఆపరేషన్ చెయ్యడానికి వచ్చానా అమ్మాయ్ అంది. ఆ చేతులే కదా ఇవి. ఆ చేతులే స్పాంజిని వేణ్ణీళ్ళలో ముంచి పిండాయి, మళ్ళీ ముంచి పిండాయి, నీళ్ళు తేటగా వచ్చేదాకా, స్పాంజి కొట్లో కొన్న రోజున ఉన్నట్టు తెల్లగా అయ్యేదాకా. కొత్త నీళ్ళు నింపి చేపల్ని మళ్ళీ వదిలాయి. సబ్బు మాత్రం వాడలేదు. సబ్బు వాడకూడదని తెలుసు. అంత తెలిసినదానికి మిగిలింది తెలీదా?

తెలుసు. వంటింట్లో గిన్నెలు సర్దుతూ వింది. ఆయన వదినకి చెబుతున్నారు, ఆవిడ సోఫాలో కూర్చుని ఆ ఫిల్టర్లో పాచి చూసి ముక్కు మూసుకుంటే. "అక్కా, అసలు మిషను ఆ పాచే. పైనున్న మోటారు ఉత్త మోటారు, నీళ్ళు తిప్పుతుందంతే. చేపల ఒంట్లోంచి వచ్చే విషాన్ని తినేది ఆ జిగురులో ఉన్న క్రిములు. అవి పెరగడానికే ఇన్నాళ్ళూ ఖాళీ నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాను." వదిన ఒక్క క్షణం ఆలోచించి, అయితే మీ ఆవిడ కంట పడకుండా చూసుకో అంది. ముగ్గురూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, గిన్నె తుడుస్తూ. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది.

సగం దాకా వచ్చింది. గొట్టం మడిచి పట్టుకుంది. డ్రమ్ములోంచి బకెట్టు నింపి మోసుకొచ్చింది, నడుము పట్టేసినట్టయింది. పొద్దున నడుము నొప్పి అని అబద్ధం చెప్పింది, ఇప్పుడది నిజమయ్యేలా ఉంది. ఎప్పుడూ తనే వెళ్ళేది ఆయనతో. ఇవాళ తెల్లారి లైటు వెయ్యగానే చేపలు పైన తేలుతూ కనపడ్డాయి, ఆయన బ్రష్ చేసుకుని వచ్చేసరికి ట్యాంకుకి అడ్డంగా నిలబడి, ఒళ్ళంతా నొప్పులు, ఇవాళ వదినని తీసుకెళ్ళండి అంది. ఆయన ఆమె ముఖంలోకి చూశారు. డయాలసిస్ ముందు రోజు నుంచే కళ్ళ కింద నీరు పట్టి రెప్పలు బరువెక్కి ఉంటాయి, ఆ సన్నటి సందుల్లోంచి చూశారు. ఏమీ అడగలేదు. ఆమెకి భయం వేసిందనుకుని ఉంటారు, డాక్టరుతో ఆ మాట అంటుంటే పక్కన నిలబడలేక ఆగిపోతోంది పోనీలే అనుకుని ఉంటారు. గుమ్మం దగ్గర ఆగి ఎడమ చెయ్యి ముందుకు చాపారు. అది రోజూ ఉన్నదే. ముంజేతి మీద పాము చుట్టుకున్నట్టు ఉబ్బిన ఆ నరం మీద ఆమె అరచెయ్యి ఆనిస్తుంది. లోపల జుయ్‌మని అదురుతుంది. అదిరితే రక్తానికి దారి తెరిచి ఉన్నట్టు. ఒక్కోసారి నిద్రలో కూడా తడుముకుని చూస్తుంది, అదురుతోందా అని. లిఫ్టుల పని చేసినంత కాలం ఆయన కూడా అలాగే చేసేవారట, మోటారు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవారట, ఏ బేరింగు అరిగిందో చెయ్యే చెప్పేదట. ఇవాళ చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. బయట నుంచి వదిన, ఒరేయ్ తమ్ముడూ, చేతులు పట్టుకోవడాలు వచ్చాక పెట్టుకోండి, కారువాడు తిడుతున్నాడు అని కేకేసింది.

ఒక మగ్గు. ఇంకో మగ్గు. నీళ్ళు అద్దం వెంట జారుతుంటే చేపలు చెదిరి, మళ్ళీ అక్కడికే వచ్చి నోళ్ళు ఆనించాయి. నీళ్ళంటే గుర్తొచ్చింది, పొద్దుట్నుంచి తను గుక్కెడు తాగలేదు. అలవాటైపోయింది. ఆయనకి రోజు మొత్తానికి ఒక చిన్న స్టీలు సీసా, అంతే, మందులకీ గొంతు తడికీ అన్నిటికీ అదే, దాటితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పొద్దున్నే ఆమె నింపి బల్ల మీద పెడుతుంది. ఆయన దాన్ని మూతతో తాగుతారు, మూతలో పోసుకుని, తొందర లేకుండా, పెదాలకి ఆనించి. మొదట్లో ఒకసారి ఆమె ఆయన ముందే గ్లాసు ఎత్తి గటగటా తాగింది, తాగి దించేసరికి ఆయన తన గొంతు వైపే చూస్తున్నారు. కోపంగా కాదు. సినిమా చూస్తున్నట్టు. ఆ రోజు నుంచి వంటింట్లో తలుపు వెనక తాగుతుంది, గ్లాసు సింకులో పెట్టేటప్పుడు కూడా చప్పుడు రానివ్వదు. దొంగసొత్తులా అయిపోయాయి మంచినీళ్ళు. అలాంటి మనిషి ఇంటికి ఇన్ని నీళ్ళు తెచ్చి హాల్లో పెట్టుకున్నాడు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, చూడు, వాళ్ళు నీళ్ళలోనే పుట్టి నీళ్ళలోనే తిరుగుతున్నారు, ఒక్కడికైనా దాహం విలువ తెలుసంటావా అని నవ్వేవారు. చేపల్ని వాళ్ళు అనే అనేవారు. ఒకటి ఎర్రతోకది, పని లేకుండా పొద్దస్తమానం ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగి అందర్నీ చూసి వస్తుంది, దానికి సూపర్‌వైజర్ అని పేరు పెట్టారు, తన పాత సూపర్‌వైజరు మీద కసి తీర్చుకుంటూ. అడుగున అద్దానికి మూతి అంటించుకుని కదలకుండా ఉండే నల్లది వాచ్‌మన్.

ఈ ట్యాంకు పెట్టి తీరాలని పట్టుబట్టింది ఆయనే. ఒక పొద్దున బూట్లు వేసుకుని, మంచం చివర కూర్చుని, నేను రాను అన్నారు. అరవలేదు, ఏడవలేదు. ఇవాళ పని లేదు అన్నంత మామూలుగా అన్నారు. ఆ ముందు వారమే పక్క మంచం మీది స్కూలు మాస్టారు రావడం మానేశాడు. ఏమయ్యాడని అడిగితే సిస్టరు టైమింగ్ మార్చుకున్నారండి అంది. అంతకుముందు కిటికీ పక్కావిడ కూడా టైమింగే మార్చుకుంది. ఆ సెంటర్లో ఎవరూ పోరు, అందరూ టైమింగ్ మార్చుకుంటారు, మర్నాటికి ఆ మంచం మీద ఉతికిన దుప్పటి, కొత్త మనిషి. ఆ రోజు దారిలో ఆయన, నువ్వు మాత్రం నాతో ఎప్పుడూ అలా చెప్పకు అన్నారు. అప్పుడు ఒట్టేమీ వేయించుకోలేదు. ఆ తర్వాతే ఈ బూట్ల సంగతి. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి బతిమాలింది, తిట్టింది, వదినకి ఫోన్ చేస్తానంది. ఆయన విని విని, నీకోసం కొన్నాళ్ళు వస్తాను, ఒక పని మిగిలింది, అది అయ్యాక నన్ను పట్టుకోకూడదు అన్నారు. ఏం పని అని అడిగితే చెప్పలేదు. సాయంత్రం పాత స్నేహితుడొకడు ఈ గాజు ట్యాంకు మోసుకొచ్చి దించాడు. ఏదో ఆఫీసు బిల్డింగు కింద లాబీలో ఉండేదట, చేపలు చచ్చాక ఎవరికీ అక్కర్లేక లిఫ్టు మోటారు గదిలో పడేశారట. అద్దాలకి తెల్లగా గార పట్టి ఉంది. నిమ్మరసం పెట్టి రుద్దింది ఆమే. ఎందుకండీ ఇది అని అడిగితే, అప్పుడు చెప్పారు. "నేను లేకపోతే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. నీకు ఒక మోటారు చప్పుడైనా ఉండాలి. నీళ్ళు కుదురుకుని, చేపలు నిలదొక్కుకునేదాకా ఉంటాను. నువ్వు ఒప్పుకోవాలి."

చూద్దాం అంది. ఒప్పుకున్నానని అనలేదు. చూద్దాం అంది.

అప్పట్నుంచి ఖాళీ నీళ్ళు. నీళ్ళలో లైటు, మోటారు, బుడగలు, చేప ఒక్కటీ లేదు. వదిన వచ్చి చూసి, మీ ఇంట్లో చేపలు కూడా టైమింగ్ మార్చుకున్నాయా అంది, ఆ మాట వెనకున్న సంగతి ఆవిడకి తెలియదు పాపం, సిస్టరు నోట విని పట్టుకుంది. ఆయన నవ్వి, ముందు మిషను ఎక్కించాలి అక్కా, తర్వాతే జనాన్ని ఎక్కించాలి, ఒక్కసారే ఎక్కిస్తే ఓవర్‌లోడ్ అన్నారు. ఖాళీ నీళ్ళలో రోజూ చిటికెడు చేపల మేత వేసేవారు, కుళ్ళడానికి. కుళ్ళు పుడితేనే కుళ్ళు తినేవి పుడతాయట. నీళ్ళు మొదట పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి, తర్వాత వాటంతటవే తేటపడ్డాయి. చిన్న గాజుగొట్టంలో నీళ్ళు పట్టి టెస్టు మందు చుక్కలు వేసి ఊపేవారు. ఆకుపచ్చ వస్తే విషం ఉన్నట్టు. పసుపు వస్తే లేనట్టు. రోజూ ఆకుపచ్చే వచ్చేది. ఆయన వెలుగుకి పట్టి చూసి, ఊహూఁ, ఇంకా టైముంది అనేవారు. ఆమె వంటింట్లోకి తిరిగిపోయేది, ముఖం కనపడకుండా. ఆకుపచ్చ చూస్తే ప్రాణం లేచొచ్చేది. ఇంట్లో ఉన్న ఆకుపచ్చ వస్తువులన్నీ అప్పుడు బాగున్నాయి, కిటికీ తెర, సబ్బుపెట్టె, దారపు ఉండలు. ఒకనాడు గొట్టంలో రంగు కొంచెం పల్చబడింది. ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే ఆమె చెయ్యి మేత డబ్బా దాకా వెళ్ళింది. ఇంకో చిటికెడు వేస్తే? ఎవరికి తెలుస్తుంది? డబ్బా మూత తీసింది. తీసి, పెట్టేసింది. వెయ్యలేదు. దేవుడి సాక్షిగా వెయ్యలేదు. కానీ ఆ చెయ్యి వెళ్ళిన దారి చేతికి తెలిసిపోయింది కదా.

ఫోను. చేతులు తుడుచుకునేలోగా ఆగిపోయి మళ్ళీ మోగింది. వదిన. గొంతు తగ్గించి మాట్లాడుతోంది, వరండాలోంచి కాబోలు, వెనక తోపుడు బండి చక్రాలు కీచుమంటున్నాయి. మధ్యలో బీపీ పడిపోయిందట, పిక్కలు పట్టేశాయట, సెలైన్ పెట్టారట, ఇప్పుడు కుదుటపడ్డాడట. తర్వాత గొంతు మారింది. "డాక్టరుగారు వచ్చారే. వీడు నన్ను బయటికి పొమ్మన్నాడు, అక్కనని కూడా చూడలేదు. తలుపు అద్దంలోంచి చూస్తే ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డాక్టర్లు ఎప్పుడైనా కూర్చుంటారా అమ్మాయ్? ఏంటి సంగతి, నాకు చెప్పరా మీరు?" ఆమె నోరు తెరిచింది, మూసింది. ఎదురుగా ట్యాంకులో అందరూ అదే పని చేస్తున్నారు. వచ్చాక ఆయన్నే అడగండి వదినా అని పెట్టేసింది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అయితే చెప్పేసి ఉంటారు. నీళ్ళలో విషం తగ్గాక చేపల్ని విడతలు విడతలుగా తెచ్చారు, పోయినవారం చివరి విడత చేపలు వచ్చాయి, అవి వచ్చినా నీళ్ళు చెదరలేదు. మొన్న సెంటర్‌కి బయలుదేరేముందు గొట్టం ఊపి చూస్తే పసుపే. చక్కటి పసుపు, కొత్త తువ్వాలు రంగు. ఆయన దాన్ని ఆమె చేతికిచ్చి, అయిపోయింది, కుదురుకుంది అన్నారు. మేడ మీది చివరి అంతస్తు దాకా లిఫ్టు వెళ్ళి కుదుపు లేకుండా ఆగితే అనే మాట అది, అదే గొంతు, అందులో ఎంత తృప్తి. తిరిగొస్తూ కార్లో తల వెనక్కి వాల్చి, వచ్చేసారి డాక్టరుతో మాట్లాడతాను అన్నారు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ అంది. ఇంటికొచ్చి ఆయన పడుకున్నారు. ఆమె దుప్పటి కప్పింది. కాసేపు నిలబడింది. తర్వాత లేచి, కాదు, నిలబడే ఉంది కదా, నిలబడినదల్లా వెళ్ళి, బకెట్టు తెచ్చింది. అప్పుడు మనసులో ఏముంది? ఏమీ లేదు. ఇల్లు శుభ్రంగా ఉండాలి, నాకు అప్పగించారు కదా, నా చేతికొచ్చాక శుభ్రంగా ఉండాలి, అంతే ఉంది. లేదా అంతే ఉందని ఇప్పుడు అనుకుంటోంది. పొయ్యి మీద వేణ్ణీళ్ళు పెట్టింది కదా. చేపల ట్యాంకు కడగడానికి వేణ్ణీళ్ళెందుకు? దుప్పట్లకి పెడుతుంది కనక పెట్టింది. అలవాటు. చేతులకి అలవాటు. సాయంత్రం ఆయన లేచి, ఏంటి ఇంత తళతళలాడుతోంది అంటే, అద్దం తుడిచానండి అంది. అదే మొదటి అబద్ధం. అప్పుడే చెప్పి ఉంటే రాత్రే నీళ్ళు మార్చేవారు, చేపల కొట్టతన్ని అడిగి ఎవరి ట్యాంకులోదో పాత స్పాంజి ముక్క తెచ్చేవారు, ఏదో ఒకటి చేసేవారు. ఎందుకు చెప్పలేదు?

ఒకటి పక్కకి ఒరిగింది. చివరి విడతలో వచ్చిన చిన్నది, ఇంకా పేరు పెట్టలేదు. ఫిల్టరు తోసే నీళ్ళకి గిరగిర తిరిగి అడుగున గులకరాళ్ళ మీద ఆగింది. గులకరాళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయి, అద్దాల షాపులో పెట్టినట్టున్నాయి. తర్వాత ఇంకొకటి. ఆమె చిన్న వలతో తీసి గాజు గిన్నెలో వేసింది. సింకులో పారెయ్యడానికి రెండడుగులు వేసి ఆగిపోయింది. పారేస్తే? కొట్టుకి వెళ్ళి అలాంటివే తెచ్చి వేస్తే, ఆయనకి ఒక పూటకి తెలియదు. ఉతికిన దుప్పటి, కొత్త మనిషి. గిన్నె తెచ్చి ట్యాంకు పక్కనే పెట్టింది, కనపడేలా. ఇంకో మూడు అందులో చేరాయి. డ్రమ్ములో నీళ్ళు అడుగంటాయి, బకెట్టు వంచితే మగ్గుడు కూడా రాలేదు. ఇక పంపు నీళ్ళే ఉన్నాయి, అవి రేపటిదాకా పనికిరావు. చెయ్యడానికి ఇంకేమీ లేదు. తడి నేల మీద ట్యాంకుకి ఎదురుగా కూర్చుంది. సూపర్‌వైజర్ ఈ మూల నుంచి ఆ మూలకి వెళ్ళడం మానేసి మధ్యలో నిలబడ్డాడు, తోక కిందకి వేలాడుతోంది, మొప్పలు ఎర్రగా ఉబ్బి ఎగిరెగిరి పడుతున్నాయి. ఊపిరి. నిండా నీళ్ళున్నాయి, నీళ్ళలో గాలి బుడగలున్నాయి, అయినా ఊపిరి లేదు. తమ ఒంట్లోంచి వచ్చిందే తమని చంపుతోంది. ఆయన ఒకసారి రెండు రోజులు సెంటర్‌కి వెళ్ళనప్పుడు ఇలాగే ఉన్నారు, మంచం మీద లేచి కూర్చుని, తలగడలు వీపుకి పెట్టించుకుని, నోటితో. మానేస్తే ఏమవుతుందని ఆమె అప్పుడే డాక్టరుని విడిగా అడిగింది. మెల్లిగా మగత కమ్ముతుందమ్మా, ఎక్కువ బాధ ఉండకుండా మేం చూస్తాం అన్నాడు. అతను ఎక్కువ అన్నాడు. ఆ ఎక్కువ అనే మాట దగ్గర ఆమె అప్పట్నుంచీ ఆగిపోయి ఉంది.

కారు తలుపు చప్పుడు. వదిన గొంతు, మెట్లు, మెల్లిగా, ఆ గోడ పట్టుకో. ఆమె లేవలేదు. లేస్తే మళ్ళీ అడ్డంగా నిలబడుతుంది, అది తెలుసు. ఆయన లోపలికి వచ్చారు, ముంజేతికి తెల్లటి బ్యాండేజి, చొక్కా ఒంటి మీద వదులుగా వేలాడుతోంది, ఒంట్లో నీరంతా లాగేశాక ఎప్పుడూ అలాగే ఉంటుంది, ఎవరి చొక్కానో వేసుకుని వచ్చినట్టు. తడి నేల చూశారు. బకెట్టు చూశారు. గిన్నె చూశారు. వదిన గుమ్మంలోనే ఆగి, అయ్యో, ఇవెందుకిలా అయ్యాయి, మొన్నటిదాకా బానే ఉన్నాయిగా అని మొదలుపెట్టి, ఇద్దరి ముఖాలూ చూసి నోరు మూసుకుని, టీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన ట్యాంకు ముందు కుర్చీలో కూర్చున్నారు, మెల్లిగా, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి. కాసేపు చేపల్ని చూశారు. గాజుగొట్టం ఇయ్యమని చెయ్యి చాపారు. ఆమె నీళ్ళు పట్టి ఇచ్చింది. చుక్కల సీసా ఆయన చేతిలోంచి తీసుకుని తనే వేసి ఊపింది. ఆకుపచ్చ. ఇన్నాళ్ళలో ఎప్పుడూ రానంత చిక్కటి ఆకుపచ్చ. ఇన్నాళ్ళూ లేచొచ్చిన ప్రాణం ఇవాళ కూడా, సిగ్గు లేకుండా, కొంచెం లేచింది.

"స్పాంజి కడిగావా?" అన్నారు.

"కడిగాను."

"పంపు నీళ్ళతోనా?"

"వేణ్ణీళ్ళతో."

ఆయన తలెత్తి చూశారు. రెప్పల కింద నీరు తీసేశారు కదా, కళ్ళు ఇప్పుడు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. అడుగుతారనుకుంది, కావాలనే చేశావా అని. అడిగితే ఏం చెప్పాలో వెతుక్కుంది, తెలీదండీ అన్న మాట తప్ప దొరకలేదు. ఆయన అడగలేదు. మంచి చెయ్యి చాపి ఆమె తడి చేతివేళ్ళు పట్టుకున్నారు. వేళ్ళ చివర్లు నాని ముడతలు పడి ఉన్నాయి, ఆ ముడతల మీద బొటనవేలితో రాశారు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి అన్నారు. మిగిలినవాళ్ళు ఉంటే రోజూ సగం నీళ్ళు మార్చాలి, లేకపోతే మళ్ళీ ఖాళీ నీళ్ళు, చిటికెడు మేత, అంతా అదే.

ఆమె అడిగింది. "ఎన్నాళ్ళు పడుతుంది?"

ఆయనకి ప్రశ్న అర్థమైంది. ఆ ప్రశ్న కిందున్న ప్రశ్న కూడా అర్థమైంది. ట్యాంకు వైపు తిరిగారు.

"నాకు పట్టినన్నాళ్ళే నీకూ పడుతుంది," అన్నారు. "అంతా చూశావు కదా. చేసుకోగలవు."

వంటింట్లో వదిన గిన్నె పెట్టిన చప్పుడు. మోటారు చప్పుడు. అడుగున వాచ్‌మన్ మూతి ఇంకా అద్దానికి అంటుకునే ఉంది, బతికి ఉన్నాడో లేదో వాడి విషయం ఎప్పుడూ చెప్పలేం. ఆమె ఇంకేమీ అడగలేదు. డాక్టరు ఏమన్నాడని అడగలేదు, ఎల్లుండి కారు చెప్పారా అని అడగలేదు. ఆయనే అన్నారు, కొంచెం సిగ్గుపడుతూ, అతిథిగా వెళ్ళిన ఇంట్లో అడిగినట్టు. "ఒక గ్లాసు మంచినీళ్ళు తెస్తావా? నిండుగా."

బల్ల మీద స్టీలు సీసా ఉంది, పొద్దున తను నింపింది, మూత బిగించి. ఆమె దాన్ని చూసింది, ఆయనా చూశారు. ఇద్దరూ దాన్ని అక్కడే వదిలేశారు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, కళ్ళు తుడుచుకుంటున్న వదిన పక్కనుంచి చెయ్యి చాపి, పెద్ద గ్లాసు తీసి, కడిగి, అంచు దాకా పోసింది. ఒక్క క్షణం ఆగి ఇంకో గ్లాసు తీసింది. హాల్లోకి రెండూ పట్టుకుని, ఒలక్కుండా మెల్లిగా నడిచి వచ్చి, ఒకటి ఆయన చేతికిచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని తాగడం మొదలుపెట్టారు, ఆపకుండా, గొంతు ఎగిరిపడుతుంటే. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, తన గ్లాసు ఎత్తి, ఆయన చూస్తుండగా తాగింది.